ఐదో గేరు వేసిన అరనిమిషం

మా కారులో ఐదో గేరును ఓవర్‌డ్రైవ్ అంటారని మా ఆయన ఎప్పటినుంచో చెబుతున్నారు. అందులో ఇంజను ఒక్క చుట్టు తిరిగేలోపు చక్రాల వైపు షాఫ్టు అంతకంటే ఎక్కువే తిరుగుతుందట. వేగం తగ్గకుండానే ఇంజనుకు శ్రమ తగ్గుతుంది, పెట్రోలు మిగులుతుంది. కానీ ప్రత్తిపాడు నుంచి గుంటూరుకు రోజూ గుంటల్లో నడిపే నాకు మూడో గేరు దాటే యోగమే లేదు.

ఈ మధ్యే ఆ దారిలో కొంతమేర కొత్త తారు వేశారు. ఈ సాయంత్రం అక్కడ ఐదో గేరు వేశాను. ఇంజను మోత తగ్గి, పక్కనున్న మా ఆయన మాట హాయిగా వినపడింది. మలుపు తిరిగానో లేదో, రోడ్డు నిండా ఆరబోసిన మిరపకాయలు! బ్రేకు నొక్కి రెండో గేరుకు దిగాను.

"రోడ్డు మీద పోస్తే మేమెట్లా పోవాలండీ?" అని కాయలు తిరగేస్తున్న పెద్దావిడను అడిగాను.

"నున్నగా ఉన్నచోటే కదమ్మా పోసుకునేది? గుంటల్లో పోస్తే ఏరుకోగలమా?" అందావిడ.

కారును మెల్లగా రోడ్డు అంచుకు దించాను. మా ఆయనే ఓదార్చారు: "గుంటలు పడనీ, వాళ్లే తీసేస్తారులే."

మన వైపు ఐదో గేరులో ఇల్లు చేరినవాళ్లెవరైనా ఉన్నారా? ఉంటే ఉన్నామని మాత్రం చెప్పండి. ఏ రోడ్డో చెప్పకండి, తెల్లారేసరికి అక్కడా కాయలు పోసేస్తారు.