గంజి నింద

“నా చేతులతోటే నా కొడుకును సంపుకున్న బిడ్డా” అన్నది మా అత్త.

“ఊకో అత్తా. జరసేపు పండుకో” అన్నాను నేను.

మా ఇద్దరి మధ్య చివరి మాటలు అవే. పొద్దు తిరిగేసరికి ఆమె పోయింది. ‘నువ్వు కాదత్తా’ అనే మాట నా గొంతులోనే ఉండిపోయింది. ఇన్నేళ్లుగా అది అక్కడే బరువుగా ఉంది. అన్నం ముద్ద దాని పక్కనుంచే దిగుతుంది.

నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా ఆడబిడ్డ కూతురు యాదమ్మ రాస్తున్నది. నా పేరు రాయించడం లేదు. చదివే మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మేలు. తెలిసినవాళ్ల ముందు ఇన్నేళ్లూ నాకు నోరు రాలేదు.

నైజాం పాలన చివరి రోజులవి. మాది చిలుకూరు దగ్గర పల్లె. గొర్రెల మందే మా బతుకు. ఒకనాడు మా ఆయనకు కడుపులో మెలిపెట్టి నొప్పి లేచింది. బండి మీద కోదాడకు, అక్కడి నుంచి లారీలో సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయాను. పేగు మెలిపడిందని చెప్పి డాక్టరు కడుపు కోసి సరిచేశాడు. ఇక బతికినట్టే అనుకున్నాను.

కడుపు కోస్తే పేగులు మొద్దుబారి కదలకుండా పడి ఉంటాయట. వాటంతట అవే లేవాలట. డాక్టరు నన్ను పిలిచి చెప్పాడు. “కిందికెల్లి గాలి పొయ్యేదాక నోట్లె ఏం పొయ్యొద్దు. నీళ్లు గూడ వద్దు. సమజైందా?” అర్థమైందని తల ఊపాను. చేతికి సూది పెట్టి ఉప్పునీళ్లు ఎక్కించారు. డాక్టరు రోజూ వచ్చి పొట్ట మీద గొట్టం ఆనించి వినేవాడు. లోపల ఏమీ వినబడడం లేదని పోయేవాడు. గాలి పోయిందా అని నర్సు అందరి ముందు అడిగితే నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. మా ఆయన మాత్రం నవ్వేవాడు.

“ఇంట్ల నేనిడిస్తే ముక్కు మూసుకుంటివి. గిప్పుడు దానికోసం దేవునికి మొక్కుతున్నవ్.”

గాలి పోలేదు. పొట్ట ఉబ్బుతూ వచ్చింది. నేను వేళ్లతో తట్టి చూశాను. డప్పులా మోగింది. ఆ మోత నాకు తెలుసు. పచ్చి మేత ఎక్కువ తిన్న గొర్రె డొక్క అట్లాగే మోగుతుంది. వెదురు గొట్టంతో దాని గొంతులో ఆముదం పోసి నడిపిస్తే తేరుకుంటుంది. ఆ పనిలో నా చెయ్యి మంచిదని పేరు. పక్క ఊళ్ల నుంచి కూడా నన్ను పిలిపించుకునేవాళ్లు. ఉబ్బిన గొర్రె ముందు ఊరికే కూర్చుంటే అది చస్తుంది. నాకు తెలిసింది అదే. డాక్టరేమో ఊరికే కూర్చోమంటున్నాడు. ఆయనకేం తెలుసు అనుకున్నాను. మా ఆయన మీద ప్రేమతో అనుకున్నానా, నా చేతికున్న పేరు చూసుకుని అనుకున్నానా? ఎన్నిసార్లు నన్ను నేను అడిగి చూసుకున్నా రెండింటినీ విడదీయలేకపోయాను.

బజారుకు పోయి ఆముదం తెచ్చాను. నర్సు అటు పోయిన సందు చూసి ఆయన తల ఎత్తి పట్టుకున్నాను.

“గొట్టం తేలేదానే? నన్ను గొర్రెను జేసినవ్ గద!”

“గొర్రెవైతే గింత సతాయిస్తవా? నోరు తెరువు.”

నవ్వుకుంటూనే తాగాడు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా పోశాను. పోసింది నేనే.

మధ్యాహ్నం మా అత్త ఊరి నుంచి ముంతలో గంజి తెచ్చింది. పొయ్యవద్దన్నారని చెప్పాను. సరేనన్నది. కానీ కొడుకు పెదాలు పగిలి ఉండడం చూసి ఉండబట్టలేక, గంజిలో వేలు ముంచి వాటిని తడిపింది. ఆ పక్కనే ఉన్నాను, చూశాను. తడే తప్ప గుటక లేదు.

కొంతసేపటికి ఆయనకు వాంతి తన్నుకొచ్చింది. పడుకునే ఉన్నాడు కదా, పొరబోయింది. ఊపిరి అందలేదు. కళ్లు తేలేశాడు. డాక్టరు కోసం మా అత్త అరుస్తూ పరిగెత్తింది. నేనేం చేశాను? కొంగుతో ఆయన నోరు, మెడ, పరుపు తుడిచాను. ఆముదం వాసన వస్తున్నదని తుడిచాను. మనిషి పోతుంటే నేను వాసన దాచుకున్నాను. ఆ కొంగును మడిచి నడుముకు చెక్కుకున్నాను.

అంతా అయిపోయాక డాక్టరు అడిగాడు. “నోట్లె ఎవరు ఏం పోసిండ్రు?”

“నేనే దొరా” అన్నది మా అత్త. “పెదాలు ఎండినయని గంజి తడి పెట్టిన.”

డాక్టరు ఆమె వైపు చూసి, దుప్పటి కప్పి పోయాడు. ఆమెను తిడితే అడ్డం పడి నిజం చెప్పేదాన్నేమో. తిట్టలేదు కనుక చెప్పలేదు అని చాలా ఏళ్లు నాకు నేను నచ్చజెప్పుకున్నాను. అబద్ధం. తిట్టినా చెప్పేదాన్ని కాదు.

ఆముదమే ఆయన ప్రాణం తీసిందో, ఎట్లాగూ పోయేవాడో నాకు తెలియదు. ఆ గంజి తడి మాత్రం తీయలేదు. ఆ సంగతి తెలిసింది నాకొక్కదానికే.

ఊరంతా నన్ను చూసి అయ్యో అన్నది. ఆమెను చూసి గొంతు తగ్గించుకున్నది. మిర్యాలగూడలో ఇచ్చిన మా ఆడబిడ్డ, ఈ యాదమ్మ తల్లి, ఒకసారి వచ్చి, ఏదో మాటకు తల్లి మీదికి లేచింది. “నీ గంజే గద మా అన్నను మింగింది!” నేను అక్కడే పప్పు చెరుగుతున్నాను. చేట ఆగింది. మళ్లీ చెరిగాను. ఇంకోసారి మా అత్త, నా తాళి తెంపింది తానేనని నా కాళ్లు పట్టుకున్నది. నేను కాళ్లు వెనక్కి తీసుకున్నాను. అంతే చేశాను. అప్పుడు చెప్పి ఉంటే ఇన్నాళ్లూ ఎందుకు దాచావని అడిగేది. ఆ ఒక్క ప్రశ్నకు భయపడ్డాను. ఏటేటా ఆ ప్రశ్న పెద్దదైంది.

యాదమ్మా, ఇది కూడా రాయి. నీ చిన్నప్పుడు అమ్మమ్మ నీకు బువ్వ కలిపి, పళ్లెం నీ ముందు పెట్టి దూరం జరిగేది. ఒక్క ముద్ద నీ నోట పెట్టేది కాదు. అమ్మమ్మకు నువ్వంటే ఇష్టం లేదని ఏడ్చేదానివి. ఆమెకు నువ్వంటే ప్రాణం. తన చెయ్యి అంటేనే భయం. ఆ భయం పెట్టింది నేను. ఆమె చేతి ముద్ద నీకు దక్కకుండా చేసింది నేను.

క్షమించమని ఎవరినీ అడగను. అడగవలసిన మనిషి లేదు. చెప్పినందుకు గొంతు కొంచెం తెరుచుకున్నట్టుంది. అంతకంటే నాకు రావలసింది ఏమీ లేదు.

కలం ఎందుకు ఆపావు బిడ్డా? కోపం వస్తే రానీ. మొదటి నుంచి చదివి వినిపించు. నా మీద జాలితో ఎక్కడన్నా మాట మెత్తగా రాసి ఉంటే కొట్టెయ్యి. ‘పోసింది నేనే’ అన్నచోట గొంతు తగ్గించకు. ఆ మాట నేను ఇంకొకరి నోట ఎన్నడూ వినలేదు. చదువు.