ఎర్రమన్ను పూసిన గోడలు

ఎమ్మిగనూరులో మాది గుంతమగ్గం ఇల్లు. నాయన గుంతలో కూర్చుని నేసేవాడు, అమ్మ రాట్నం మీద నూలు కండెలు చుట్టేది. ఆరేళ్ల మా చెల్లెలు ఆ కండెల్ని నూరు దాకా లెక్కపెట్టి గంపలో వేసేది. నేను పదేళ్లదాన్నయినా యాభై దాటితే తడబడేదాన్ని. "అక్కకు నేను నేర్పిస్తాలే" అని అది ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్పేది. నాకు ఒళ్లు మండేది.

ఆ ఏడు మలేరియా మందు కొట్టేవాళ్లు వచ్చి ఇల్లంతా డి.డి.టి. చల్లిపోయారు. గోడల మీద తెల్లటి పొడి మిగిలింది. మగ్గం మీద ఎర్ర చీర ఉంది. "నూలుకంటుకుంటే చీర ఎవురు తీసుకుంటారు? గోడలు పూసేయండి" అన్నాడు నాయన. మా వీధిలో నేసేవాళ్లంతా అదే పని చేశారు. ఎర్రమన్నులో పేడ కలిపి మా గోడలన్నీ పూసింది నేనే. ఒక్క మరక కనబడకుండా పూసినావని అమ్మ మెచ్చుకుంది కూడా.

వానలు పడ్డాక చెల్లెలికి చలిజ్వరం వచ్చింది. మూడో రోజు మూర్ఛలు మొదలయ్యాయి. బండి కట్టుకొని ఆదోని ఆసుపత్రికి చేరేసరికి దానికి స్పృహ లేదు. మలేరియా మెదడుకెక్కిందన్నారు. నాలుగు రోజులకు కళ్లు తెరిచింది. బతికిందని సంబరపడ్డాం. ఎంత తెలివితక్కువ వాళ్లమో.

ఇంటికొచ్చాక అమ్మ దాని ముందు కండెలు పోసింది. అది ఒకటి తీసి నోట్లో పెట్టుకుంది. నీరసమేమో అనుకున్నాం. నెల తర్వాతా అంతే. కుడిచేతిలో పట్టు లేదు. నేను ఒకటి, రెండు అంటే నా నోటివైపు చూసి నవ్వేది. "ఎదిగేకొద్దీ సర్దుకుంటుంది" అన్నారు ఆసుపత్రిలో. అది ఎదిగింది, అంతే. పొద్దున నేర్పింది మధ్యాహ్నానికి ఉండేది కాదు. విసుగొచ్చి ఒకసారి కొట్టాను. ఎందుకు కొట్టానో కూడా దానికి తెలియలేదు. ఆ సిగ్గు నాకింకా పోలేదు.

రెండేళ్లకు మందు కొట్టేవాళ్లు మళ్లీ వచ్చారు. ఈసారి వచ్చిన మేస్త్రీ ఓపికగా చెప్పే మనిషి.

"మందు గోడ మీదనే ఉండల్లమ్మా. దోమ దాని మీద వాలితేనే సస్తాది. పైన మన్ను పూస్తే మేం కొట్టి ఏం ఫాయిదా?"

మగ్గం చప్పుడు ఆగింది. నాయన గుంతలోంచి తల ఎత్తలేదు. నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

మేస్త్రీ చూపు చెల్లెలి మీద పడింది. "పాపకు ఏమైందమ్మా?" అని అడిగాడు.

అమ్మ నాయన వైపు చూసింది, నా వైపు చూసింది.

"ఏం కాలేదప్పా. అది పుట్టినప్పటి నుంచి అంతే" అంది.

ఆ తర్వాత ఎవరడిగినా మేమందరం అదే చెప్పాం.