వల గట్టెక్కేదాకా

ఇంటర్ రెండో ఏడు చదివే రోజుల్లో నాకెంత ధైర్యం ఉండేదో తలుచుకుంటే ఇప్పుడు నాకే నవ్వొస్తుంది. చేతిలో సెల్‌ఫోనూ, చెప్పినట్టు వినే స్నేహితుడూ ఉంటే చాలు, సినిమా తీసేయొచ్చని నా గట్టి నమ్మకం. విశాఖపట్నంలో ఎవరో కాలేజీ పిల్లలకు పొట్టి సినిమాల పోటీ పెట్టారు. శ్రీకాకుళంలో కిరాణా కొట్టు నడిపే మా నాన్న నా పోరు పడలేక సరేనన్నాడు. గడువు ఆదివారం సాయంత్రం. "ఆ లోపల పంపితే సరే. లేదంటే ఈ సినిమా గోల మళ్లీ నా దగ్గర ఎత్తకమ్మా" అన్నాడు.

కథ నాదే. ఓడ కెప్టెన్ కావాలని కలలుగనే జాలరి కుర్రాడు. హీరో మా క్లాసు స్టైలుగాడు (వరి పండించే ఇంటివాడు, సముద్రంలో మోకాలు దాటి దిగి ఎరగడు). అంతా తీసేశాం, ఆదివారం మధ్యాహ్నానికి ఒక్క షాటు మిగిలింది. కళింగపట్నం ఒడ్డున పెద్దవల లాగేవాళ్లతో కలిసి వాడు తాడు పట్టుకుని దూరంగా చూడాలి. ఒక్క నిమిషం పని. తర్వాత ఊళ్లోకొచ్చి నెట్ సెంటర్లో షాట్లన్నీ అతికించి పంపేయడమే.

పట్టాడు, చూశాడు, బ్రహ్మాండంగా వచ్చింది. "కట్" అన్నాను. వాడు తాడు వదలబోతే వెనకనున్న ముసలాయన, "ఒరే బాబూ, వదిలీకు. పట్టినోడు వల గట్టెక్కేదాకా ఉండాల" అన్నాడు. ఎంతసేపు పడుతుందని అడిగాను. "ఎంతసేపేటమ్మా, వచ్చినప్పుడు వస్తాది. నువ్వేటి అలా సూస్తన్నావు? ఆ ఫోను లోపలెట్టి నువ్వూ ఓ సెయ్యెయ్యి" అన్నాడు. పెద్దవాళ్ల మాట కాదనలేని వయసు (డైరెక్టరుకి అస్సలు పనికిరాని వయసన్నమాట). ఫోను సంచిలో పెట్టి తాడందుకున్నాను.

రెండు గంటలు లాగాం. అరచేతులు మండిపోయాయి. స్టైలుగాడి స్టైలంతా ఇసకపాలైంది. గడువు దాటిపోతోందని లోలోపల ఏడుస్తూనే అందరితోపాటు వెనక్కి అడుగులేశాను. అప్పుడొచ్చింది వల. ముందు నీళ్లు మసకమసకగా కదిలాయి. తర్వాత ఒడ్డు పొడుగునా తెల్లగా మెరుస్తూ చేపలు ఎగిరిపడ్డాయి. అన్నేసి ప్రాణాలు ఒక్కచోట నేనెప్పుడూ చూడలేదు. పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్న ముసలాయన కూడా "అబ్బో" అని అలాగే నిలబడిపోయాడు. నాకు ఒళ్లు జలదరించింది, ఏడుపూ వచ్చింది. సంచిలో ఫోనున్న సంగతే గుర్తు రాలేదు.

ఇల్లు చేరేసరికి గడువు దాటిపోయింది. మా వాటాకిచ్చిన చేపలు స్టైలుగాడే పట్టుకెళ్లాడు (మా ఇంట్లో ఉల్లిపాయ తరగాలన్నా నాయనమ్మ ఒప్పుకోవాలి). "పంపీసావా?" అన్నాడు నాన్న. లేదన్నాను. ఎందుకో చెప్పడం మొదలుపెట్టాను. కొట్లో పప్పు తూస్తున్న మనిషి త్రాసు అలాగే పట్టుకుని విన్నాడు, పప్పు కోసం వచ్చినావిడ కూడా తొందరపెట్టలేదు. అంతా అయ్యాక నా అరచేతులు తిప్పి చూసి, "వచ్చే ఆదివారం మళ్లీ ఎల్తావేటి?" అన్నాడు. ఆ ఒక్క మాటకి నేను ఇవాళ్టికీ ఈ కెమెరా పనిలోనే ఉన్నాను.

ఇప్పుడు విజయనగరంలో పెళ్లిళ్లకి వీడియోలు తీస్తాను, నాకు మంచి కెమెరాలున్నాయి. ఖాళీ దొరికితే ఆ ఒడ్డుకే వెళ్తాను. ఈసారి తాడు ముట్టుకోనని దారంతా ఒట్టు పెట్టుకుంటాను. వల గట్టెక్కే షాటు మాత్రం ఇప్పటిదాకా నా దగ్గర ఒక్కటీ లేదు.