మా ఫ్రిజ్‌లో నాగేంద్రబాబు పిల్లలు

మా నాగేంద్రబాబు ఎవరింటికి వెళ్లినా వట్టి చేతులతో వెళ్లడు. అలాగని పళ్లో, స్వీట్లో పట్టుకెళ్లే రకం కాదు. వేలెడంత గాజు గొట్టంలో బ్యాక్టీరియాని తీసుకెళ్తాడు. దాన్ని ఇంటావిడ చేతిలో పెట్టి, "ఫ్రిజ్‌లో పెట్టమ్మా. తలుపు దగ్గర వద్దు, లోపలికి" అంటాడు.

వాడు గుంటూరులో బయోకెమిస్ట్రీ ప్రొఫెసరు. సూక్ష్మజీవుల్లో ఉండే పాలీఅమైన్ల మీద ముప్ఫై ఏళ్లుగా పరిశోధన. అవేంట్రా అని ఒకసారి అడిగి తప్పు చేశాను. ప్రతి జీవకణంలోనూ ఉండే చిన్న చిన్న పదార్థాలట. కణం పెరగడానికీ, ఉప్పునీ ఎండనీ తట్టుకోవడానికీ సాయం చేస్తాయట. కొన్నిటికి కుళ్లు వాసన కూడా ఉందట. ఇదంతా వాడు మా బావమరిది పెళ్లిలో, నేను పెరుగన్నం కలుపుకుంటుండగా చెప్పాడు.

కాన్వెంటులో మాది ఒకే బెంచీ. ఇడ్లీ మీద బూజు ఎన్ని రంగుల్లో వస్తుందో చూద్దామని టిఫిన్ డబ్బాని మూడు వారాలు డెస్కులో దాచాడు. సిస్టర్ మూత తీసి చూసి, ఆ రోజు సైన్సు క్లాసు మానేసి మా అందరిచేతా ప్రార్థన చేయించింది.

అలా పంచగా పంచగా వాడి గొట్టాలు లేని ఫ్రిజ్ మా జిల్లాలో లేదు. పెదకాకానిలో ఓ గృహప్రవేశానికి వెండి కుంకుమ భరిణె ఇస్తాడనుకుంటే రెండు గొట్టాలిచ్చాడు. మంగళగిరిలో చీరల కొట్టు కలీం, తన కూల్‌డ్రింకుల ఫ్రిజ్‌లో ఓ గొట్టం పెట్టుకున్నాడు. చీరలు చూస్తూ ఓ పెద్దావిడ ఆ గొట్టం వైపు వేలు చూపి, "ఆ బాదంపాలు కూడా ఇవ్వు బాబూ" అందట. ఆ కంగారులో కలీం ఆమెకి చీర సగం ధరకి ఇచ్చేశాడు.

కరెంటు పోతే చాలు, వాడి ఫోను.

"ఒరేయ్, పిల్లలెలా ఉన్నారు?"

"హైదరాబాద్‌లో బానే ఉన్నార్రా."

"నీ పిల్లలు కాదెహె, నా పిల్లలు! ఫ్రిజ్ తలుపు తీయకండి, చల్లదనం పోద్ది."

మా ఆవిడ లక్ష్మీదుర్గకి ఇది బొత్తిగా గిట్టేది కాదు. "అన్నయ్యగారూ, మీ ల్యాబ్‌లో ఫ్రిజ్ లేదా? మా పెరుగు పక్కన ఈ పురుగులేంటండీ?"

"పురుగులు కాదు చెల్లెమ్మా. నీ పెరుగులో ఉన్నవాళ్లకి వీళ్లు పెద్దనాన్న పిల్లలు. ల్యాబ్ ఫ్రిజ్ నిండిపోయింది, ఏం చేయమంటావు?"

"అయితే ఇంకోటి కొనుక్కోండి. మాది సంసారుల ఇల్లు."

మొన్నామధ్య ఓ మంగళవారం పొద్దున్నే బెల్లు మోగింది. గుమ్మంలో నాగేంద్రబాబు, పక్కన వాడి దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న రెబెకా. ఆ పిల్ల కళ్లు ఎండుమిరపకాయల్లా ఉన్నాయి.

జరిగింది ఇది. వాళ్ల ల్యాబ్‌లో ఆటోక్లేవ్ అని ఓ పెద్ద ప్రెషర్ కుక్కర్ ఉంటుంది. పారేయాల్సిన బ్యాక్టీరియాని అందులో ఉడికించి చంపుతారు. ముందురోజు రెబెకా పాత డబ్బా అనుకుని అసలు డబ్బాని అందులో పెట్టింది. ఒంగోలు వైపు చౌడు నేలలో దొరికిన బ్యాక్టీరియా మీద నాలుగేళ్లుగా చేస్తోంది పని. ఆఖరి ప్రయోగం ఒక్కటే మిగిలింది. ఇప్పుడు ఆ బ్యాక్టీరియానే లేదు. అది లేకపోతే థీసిస్ లేదు.

"మొత్తం నేనే ఉడకబెట్టేశానండీ" అంది ఆ పిల్ల, మా సోఫా అంచు మీద కూర్చుని.

"చెల్లెమ్మా, దసరా ముందో, తర్వాతో నీకో నీలం మూత గొట్టం ఇచ్చాను, నాలుగేళ్లయింది. ఉందా?" అన్నాడు వాడు.

మా ఆవిడ ముఖం పాలిపోయింది. "ఆదివారం ఫ్రిజ్ కడిగానండీ…"

రెబెకా లేచి నిలబడింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఇలాంటప్పుడు నేనెప్పుడూ అదే చేస్తాను.

"పారేద్దామనే తీశాను" అంటూ మా ఆవిడ వంటింట్లోకి వెళ్లింది. "తీరా చేతిలోకి తీసుకుంటే, ప్రాణమున్నదని మీరన్న మాట గుర్తొచ్చింది. చేతులు రాలేదు. మా చుట్టాలు చూస్తే నవ్వుతారని ఇంగువ డబ్బాలో పెట్టి మళ్లీ లోపలే దాచాను."

డబ్బా మూత తీసేసరికి ఇల్లంతా ఇంగువ ఘాటు. అందులో నీలం మూత గొట్టం. రెబెకా దాని మీది చీటీ చదివింది. మళ్లీ చదివింది.

"సార్, ఇది నేను ల్యాబ్‌లో చేరిన రోజు తేదీ. నా పేరు కూడా రాశారు."

"ఊఁ" అన్నాడు వాడు, చెప్పులు వెతుక్కుంటూ.

"మన ల్యాబ్ ఫ్రిజ్‌లో సగం ఖాళీయే కదండీ. బయట ఎందుకిచ్చారు?"

నేను కిటికీ వదిలేశాను. "ఏరా, నిండిపోయిందన్నావు?"

వాడు దొరికిపోయిన దొంగలా నవ్వాడు. "నా రోజుల్లో మా గురువుగారి బ్యాక్టీరియాని నేనూ ఇలాగే ఉడకబెట్టాను. మూడేళ్ల పని ఆవిరైపోయింది. ల్యాబ్‌లో ఎన్ని డబ్బాలు దాచినా లాభం లేదురా. పిల్లల చెయ్యి అన్నిటి మీదా పడుద్ది. అందుకే ఎవరు చేరినా, ఆ రోజే ఒకటి బయట దాస్తాను."

"ముందే చెప్పొచ్చు కదండీ సార్! రాత్రంతా ఏడ్చాను."

"చేరిన మొదటి రోజే, నువ్వు ఫలానా తప్పు చేస్తావని ఏ పిల్లతో అంటామమ్మా?"

రెండ్రోజుల తర్వాత రెబెకా ఫోను చేసింది. "అంకుల్, పిల్లలు లేచారండీ! అందరూ లేచారు! కొంచెం ఇంగువ వాసన వస్తున్నారు, అంతే."

పై నెలలో వాడు మళ్లీ వచ్చాడు, చేతిలో ఎర్ర మూత గొట్టం. నేను అలవాటుగా మా ఆవిడ వైపు భయంగా చూశాను. ఆవిడ అప్పటికే ఫ్రిజ్ తెరిచి, మామిడి తాండ్ర పొట్లాన్ని పక్కకి జరుపుతోంది.

"ఈ పిల్ల పేరేంటి అన్నయ్యగారూ?"

"నజ్మీన్. సోమవారం చేరింది."

"చెయ్యి నిదానమేనా?"

"అబ్బే" అన్నాడు నాగేంద్రబాబు. "చేరిన రోజే రెండు బీకర్లు పగలగొట్టింది."

"అయితే ఒకటి చాలదు. ఇంకోటి తెండి" అంది మా ఆవిడ.