వీపు లేని కోటు

నరసరావుపేటలో పెద్దమనిషి అనిపించుకోవాలంటే ఆ రోజుల్లో పొలం అక్కర్లేదు, చదువు అక్కర్లేదు, బుద్ధి అసలే అక్కర్లేదు. అంకమ్మరావు ఫోటో దుకాణంలోకి వెళ్ళి, మేకుకు వేలాడే నల్లకోటు తొడుక్కుని, కుర్చీలో కూర్చుని, మూడు లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబడితే చాలు. మిరపకాయల వ్యాపారి కానీ, మునసబుగారి బామ్మర్ది కానీ, నాపరాళ్ళ గనిలో మేస్త్రీ కానీ, ఫోటోలో మాత్రం నిన్ననే ఓడ దిగిన బారిష్టరులా ఉండేవాడు. కాళ్ళకు చెప్పులు లేవంటారా? ముందు ఒక పూలకుండీ అడ్డం పెట్టేవాడు అంకమ్మరావు.

కోటు పుట్టుక మాత్రం అంత గొప్పది కాదు. రైల్వేలో పనిచేసిన ఒక దొర ఊరు వదిలిపోతూ సామాను వేలం వేయిస్తే అంకమ్మరావు పాడుకున్నాడు. దొర వెదురుబద్దలా ఉండేవాడు. మనవాళ్ళవి జొన్నన్నం, గోంగూర తిని పెరిగిన ఒళ్ళు. మొదట తొడుక్కున్న ఆసామికే అది చంకల్లో పర్రుమంది. పక్క కొట్లో దర్జీ ఫరీద్ కాసేపు ఆలోచించి, కత్తెర తీసి, కోటు వీపును మెడ నుంచి కిందిదాకా నిలువునా చీల్చి, అటూ ఇటూ నాడాలు కుట్టాడు. ఇక ఎంత లావువాడైనా ముందు నుంచి చేతులు దూర్చుకోవటం, వెనక ముడి వేయించుకోవటం. కెమెరాకు వీపుతో ఏం పని? పైన పటారం, లోన లొటారం అని ఊరికే అనలేదు పెద్దలు. రెండో గుండీ ఊడిపోతే ఫరీద్ దాని స్థానంలో ఇత్తడి గుండీ ఒకటి కుట్టాడు. అది ఫోటోలో నక్షత్రంలా మెరిసేది.

ఆ దుకాణంలో ఇంకో నియమం ఉండేది. కోటున్నవాడికి కుర్చీ. భార్య పక్కన నిలబడి కుర్చీ మీద చెయ్యి వేయాలి. ఎందుకయ్యా అంటే "అదండీ శాస్త్రం" అనేవాడు అంకమ్మరావు. ఏ శాస్త్రమో ఎవరూ అడగలేదు. కూర్చున్నవాళ్ళు అడగరు, నిలబడ్డవాళ్ళను అడగనివ్వరు.

ఇన్ని మొహాలను గోడలెక్కించిన ఈ మహానుభావుడికి గంగమ్మ అని ఒక భార్య ఉంది. కాపురానికొచ్చి పదేళ్ళు దాటినా ఇద్దరికీ కలిసి ఒక్క ఫోటో లేదు. ఆమె కోరిక పెద్దదేం కాదు. మొగుడు ఆ కోటు వేసుకోవాలి, తను పట్టుచీర కట్టుకోవాలి, ఇద్దరూ కెమెరాలో ఒకే గాజు ప్లేటు మీద పడాలి. "ఊళ్ళో అందరి మొహాలూ గోడలెక్కినై. మన మొహాలే ఇంకా ఎక్కలా" అని ఉగాదికోసారి, దసరాకోసారి గుర్తుచేసేది. వెలుతురు బాగాలేదనో, గిరాకీ వచ్చిందనో, ప్లేటు వృథా అవుతుందనో అతను వాయిదా వేసేవాడు. కోటు మనదే, కుర్చీ మనదే, ఎక్కడికి పోతాయే అనేవాడు. ప్లీడర్ల దగ్గర నేర్చుకున్నాడో ఏమో, వాయిదాలు బాగానే వేసేవాడు.

అంతలో యుద్ధం వచ్చిపడింది. ఎక్కడో జర్మనీవాడికీ ఇంగ్లీషువాడికీ చెడితే ఇక్కడ పల్నాటి రైతుకు పంచెల చాపు దొరకడం మానేసింది. గుడ్డకు కంట్రోలు, కిరసనాయిలుకు కంట్రోలు. కెమెరా ప్లేట్లయితే మద్రాసులోనే కళ్ళ చూసినవాడు లేడు. డబ్బున్నవాడికి కూడా కోటు కుట్టించుకునే దారి లేదు కనక, అంకమ్మరావు కోటుకు రాజయోగం పట్టింది.

నలభైనాలుగు వేసవిలో నాదెండ్ల నుంచి నాగభూషణరావు దిగాడు. ఆయనకు భూములు చాలా ఉన్నాయి. మాటలు అంతకంటే చాలా ఉన్నాయి. కొడుకు చెన్నకేశవులుకు వెల్దుర్తి గోవిందయ్యగారి చిన్నమ్మాయి యశోదను ఖాయం చేసుకుని వచ్చాడు. సంబంధం మాట్లాడుకునేటప్పుడు గోవిందయ్య, తన పెద్దల్లుడికి కోటుండేదని ముచ్చటగా మూడుసార్లు చెప్పాడట. ఈయన ఊరుకుంటాడా? మావాడికి మాత్రం లేదా అని నోరు జారాడు. ఇప్పుడు కోటు కావాలి. పెళ్ళికి ఫోటో తీసే వంకతో అంకమ్మరావు దాన్ని గుట్టుగా పెట్టెలో పెట్టుకొచ్చి, ఫోటో పూట పెళ్ళికొడుక్కి తొడిగి, మళ్ళీ గుట్టుగా పట్టుకుపోవాలి. పెళ్ళికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోవడమంటే ఇదే కదా! అయినా అంకమ్మరావు సరేనన్నాడు. అంతటి ఆసామి తన కోటు కోసం గుమ్మంలో నిలబడ్డాడనేసరికి అతనికి ఒళ్ళు పొంగింది.

దుకాణంలో రెండే ప్లేట్లు మిగిలాయి. ఒకటి పెళ్ళికి. రెండోది గంగమ్మ తీసి బియ్యపు డబ్బాలో దాచింది. వెల్దుర్తి నుంచి వచ్చిన రోజునే ఫోటో తీసుకోవాలని తలమీద చెయ్యి పెట్టించుకుని ఒట్టు వేయించుకుంది. బొగ్గుల పెట్టెతో కోటును తనే ఇస్త్రీ చేసి, మడత నలక్కుండా పెట్టెలో సర్దింది.

పెట్రోలు కరువు కాబట్టి బస్సులు బొగ్గు పొగతో నడిచేవి. నడిచేవి అనడం మర్యాద కోసం. ఎత్తు వచ్చినప్పుడల్లా ప్రయాణికులు దిగి తోసేవాళ్ళు. అంకమ్మరావు మాచర్ల దాకా కొంత ఎక్కి, కొంత తోసి, అక్కడ బండి మాట్లాడుకుని, మసి మొహంతో వెల్దుర్తి చేరాడు. ఒళ్ళో పెట్టుకున్న కోటు పెట్టె మీద మాత్రం మసి పడనివ్వలేదు.

గోవిందయ్య వసారాలో కాళ్ళు కడుక్కుని తలెత్తితే ఎదురుగా గోడమీద తన కోటే కనిపించింది. దాని లోపల గోవిందయ్య పెద్దల్లుడు పిచ్చియ్య. రెండేళ్ళ కిందట తన దుకాణంలో తను తీసిన ఫోటోయే. ఇత్తడి గుండీ తళతళ మెరుస్తోంది. అక్కడే మంచమ్మీద కూర్చున్న అసలు పిచ్చియ్య, ఫోటోగ్రాఫరును చూసి దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని లోపలికి జారుకున్నాడు. వంటవాళ్ళతో మాటలు కలిపితే సంగతి తెలిసింది. ఆ కోటు మద్రాసులో కుట్టించుకున్నానని అత్తగారితో చెప్పాడట. మరి వేసుకోవేం నాయనా అని ఆవిడ అడిగితే, గుంటూరు సత్రంలో ఎవడో కొట్టేశాడన్నాడట. ఆవిడ ఆ దొంగను రెండేళ్ళుగా రోజూ శపిస్తోంది.

అంకమ్మరావు పరుగున మగపెళ్ళివారి విడిదికి పోయాడు. కోటు వద్దు, ఉత్త జరీ కండువాతో తీద్దామని నాగభూషణరావును బతిమాలాడు. ఆయన వింటేనా! మాటన్నాక మాటేనన్నాడు.

పెళ్ళయిన మర్నాడు పొద్దున ఎండ బాగా పడే వాకిట్లో బెంచీలు వేశారు. చెన్నకేశవులు కోటుతో బయటికి వచ్చాడు. వీపుమీద కండువా కప్పుకుని, గోడకు ఆనుకుని, ఎండ్రకాయలా పక్కకు నడుచుకుంటూ వచ్చాడు. పెళ్ళికూతురి కంటే పెళ్ళికొడుక్కే సిగ్గెక్కువని ఆడవాళ్ళు నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ పెళ్ళికూతురి తల్లి సరస్వతమ్మ ఆగిపోయింది. దగ్గరికొచ్చి ఇత్తడి గుండీని వేలితో తాకి చూసింది.

"ఇది మా పెద్దల్లుడి కోటు. సత్రంలో పోయిన కోటు" అంది నెమ్మదిగా.

ఇక చూడాలి. మావాణ్ణి దొంగంటారా అని నాగభూషణరావు లేచాడు. మా అల్లుడి సొత్తు మాకు తెలియదా అని గోవిందయ్య తమ్ముళ్ళు లేచారు. పల్నాడు కదా, మాట కర్రదాకా రావడానికి ఆట్టే సేపు పట్టదు. బండ్ల కింద కర్రలు అప్పుడే కదిలాయి కూడా. తోడల్లుళ్ళిద్దరూ కక్కలేక మింగలేక నేలచూపులు చూస్తున్నారు. కోటుకు వీపు లేదన్న సంగతి అంతమందిలో ఆ ఇద్దరికీ, నాగభూషణరావుకీ, అంకమ్మరావుకీ తప్ప ఎవరికీ తెలియదు.

అంకమ్మరావు కెమెరా మీది నల్లగుడ్డ కిందే దాక్కున్నాడు. కెమెరా అద్దంలో మనుషులు తలకిందులుగా కనిపిస్తారు. ఆ పూట అందరూ సరైన తీరులోనే కనిపించారు అతనికి.

గోవిందయ్య వచ్చి నల్లగుడ్డ ఎత్తాడు. "ఏమయ్యా ఫోటో అయ్యా, ఆ గోడమీది ఫోటో తీసిందీ నువ్వే, ఇది తీసేదీ నువ్వే. ఎవరి కోటో నువ్వే చెప్పు. నీ మాటే మాకు సాక్ష్యం."

అడకత్తెరలో పోకచెక్క అంటే ఎలా ఉంటుందో అంకమ్మరావుకు ఆ క్షణాన తెలిసింది. కోటు తనది. అది లేకపోతే దుకాణం లేదు, గంగమ్మకు ఫోటో లేదు. కాస్త వెనక్కి తిరగండి బాబూ, అని ఒక్క మాటంటే చాలు. కానీ ఆ మాటతో రెండు కొంపలు నవ్వులపాలవుతాయి, వాకిట్లో కర్రలు లేస్తాయి, మొదటి దెబ్బ ఎవరి నెత్తిన పడుతుందో వేరే చెప్పాలా? భయమేసింది. భయపడ్డవాడికి తెలివి కూడా బాగానే వస్తుంది.

"రెండు కోట్లండీ ఇవి. ఒకే తానులోయి, జత. రెండో గుండీ ఇత్తడిది పెట్టటం దొరల ఫ్యాషను. పెద్దల్లుడుగారిది పోయింది, పాపం. ఇది చిన్నల్లుడుగారిదే" అన్నాడు.

ఒక్కసారి వాకిలంతా ఊపిరి పీల్చుకుంది. నిజం నిలకడ మీద తెలుస్తుందని గోవిందయ్య మెచ్చుకున్నాడు. సరస్వతమ్మ పెద్దల్లుడి పోయిన కోటును తలుచుకుని కళ్ళొత్తుకుంది. పిచ్చియ్య కూడా ఒత్తుకున్నాడు, అతని కారణాలు అతనివి. అందరూ బెంచీల మీద కుదురుకున్నారు. అంకమ్మరావు కెమెరా కంటికున్న మూత తీసి, మూడు లెక్కపెట్టి, మూత పెట్టేశాడు. అంత బాగా కుదిరిన పెళ్ళి ఫోటో అతని చేతిలో ఇంకోటి పడలేదు.

భోజనాలయ్యాక పశువుల కొట్టం వెనక్కి పోయి నాగభూషణరావును కోటు అడిగాడు. ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు.

"నలుగురిలో మావోడిదని చెప్పింది నువ్వేగా. ఇప్పుడు నీ చేతిలో చూస్తే మా బావగారు ఏమనుకుంటాడు? మాట మీద నిలబడాలయ్యా మడిసన్నాక" అన్నాడు. పైగా అల్లుడు అత్తారింటికి వచ్చినప్పుడల్లా వేసుకోవాల్సిందేనట. వీపు సంగతి తాము చూసుకుంటామని అభయం కూడా ఇచ్చాడు.

అంకమ్మరావు ఖాళీ పెట్టె ఒళ్ళో పెట్టుకుని తిరుగు బస్సెక్కాడు. ఎత్తు దగ్గర అందరూ దిగి తోస్తుంటే కండక్టరు కేకేసేదాకా లేవలేదు.

ఇంటికి వచ్చేసరికి గంగమ్మ పట్టుచీర కట్టుకుని, తలలో కనకాంబరాలు పెట్టుకుని, కుర్చీ తుడిచి వెలుతురులోకి జరిపి ఉంచింది. మూత తీసి పెట్టడానికి ఫరీద్‌ను పిలిచి సిద్ధంగా కూర్చోబెట్టింది. బియ్యపు డబ్బాలోంచి ప్లేటు కూడా తీసింది. పెట్టె తెరిచి చూసింది. అడుగున పరిచిన పాత పేపరు కనిపించింది.

అంకమ్మరావు జరిగిందంతా చెప్పాడు. కర్రలు లేచేవన్నాడు. పెళ్ళి చెడేదన్నాడు. తన తెలివితో రెండు కుటుంబాలు నిలబడ్డాయన్నాడు. గంగమ్మ మొత్తం విన్నది.

"ఇద్దరు పెద్దమడుసులు తమది కాందాన్ని తమదని నలుగురిలో అన్నారు. నీదాన్ని నీదని అనటానికి నీకు నోరు రాలా?" అంది.

అంకమ్మరావుకు సిగ్గేసింది. దర్జీ ఫరీద్ గోడమీద బల్లిని శ్రద్ధగా చూస్తున్నాడు. కాస్త ఆగితే ఇంకో కోటు సంపాదిస్తానని, అప్పుడు బ్రహ్మాండంగా తీసుకుందామని అంకమ్మరావు గొణిగాడు. అదీ వాయిదాయే. ఆ మాట పూర్తికాకముందే గంగమ్మ వెళ్ళి కుర్చీలో కూర్చుంది. కుచ్చిళ్ళు సర్దుకుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"కోటున్నోడికి కుర్చీ అంటివిగా. నీకు కోటు లేదు. నిలబడు."

అతను చొక్కాతోనే పక్కన నిలబడి కుర్చీ మీద చెయ్యి వేశాడు. పదేళ్ళుగా ఆడవాళ్ళందరి చేతా వేయించిన చెయ్యి అది. వేస్తే గానీ తెలియలేదు, అలా నిలబడితే నడుం ఎంత లాగుతుందో. ఫరీద్ మూత తీసి మూడు లెక్కపెట్టాడు. పాపం, కొత్త కదా, చాలా నెమ్మదిగా లెక్కపెట్టాడు.

ఆ ఫోటోను గంగమ్మ దుకాణం గుమ్మంలో తగిలించింది. తియ్యమని అడిగే ధైర్యం అంకమ్మరావుకు లేకపోయింది.

మరుసటి ఏడు చెన్నకేశవులు యశోదను వెంటబెట్టుకుని ఫోటోకు వచ్చాడు. ఒంటిమీద ఆ కోటే. గుడ్డ దొరకని రోజులు కనక, ఫరీదే పాత గొడుగు గుడ్డతో దానికి వీపు కుట్టిచ్చాడు, వానొస్తే పనికొస్తుందిలెమ్మని. అంకమ్మరావు అలవాటు కొద్దీ కుర్చీ దులిపి కోటుకు చూపించాడు. యశోద గుమ్మంలోని ఫోటోను తలెత్తి కాసేపు చూసింది. తిన్నగా వచ్చి కుర్చీలో కూర్చుంది.

చెన్నకేశవులు తెల్లబోయి ఫోటోగ్రాఫరు వంక చూశాడు.

"శాస్త్రం మారిందండీ" అన్నాడు అంకమ్మరావు.

ఏ శాస్త్రమో చెన్నకేశవులు అడగలేదు. ఇత్తడి గుండీ పెట్టుకుని, కుర్చీ పక్కన నిలబడి, చెయ్యి వేశాడు.