బోణీ ఎవరిది? రోలుగుంట–నర్సీపట్నం షేర్ ఆటోలో ఒక రోజు

మూఢనమ్మకాల మీద పాతికేళ్ళుగా రాస్తున్నాను, తిట్లు తింటున్నాను, తిరిగి తిడుతున్నాను. గత నెల ఈ బ్లాగులోనే, చదువు వచ్చిన చోట ఈ చెత్త దానంతటదే కొట్టుకుపోతుందని తీర్పు చెప్పినట్టు రాశాను. దాని కింద భవాని అనే బీఎస్సీ రెండో ఏడు అమ్మాయి ఒక వ్యాఖ్య పెట్టింది. "సార్, నేను రోజూ నర్సీపట్నం కాలేజీకి షేర్ ఆటోలో వెళ్తాను. ఒక రోజు మా అమ్మతో, నాతో కలిసి రండి. ఆ తర్వాత మళ్ళీ రాయండి." నాతో వాదించేవాళ్ళను నేను ఊరికే వదలను. ఏ రోజు రమ్మంటావని అప్పటికప్పుడే అడిగాను.

విశాఖ నుంచి నర్సీపట్నానికి అనకాపల్లి, తాళ్ళపాలెం మీదుగా రెండున్నర గంటలంటారు. మీరు మూడు అనుకుని బయలుదేరండి. పొద్దున్నే పని ఉంటే ముందురోజే చేరడం మేలు. బస్టాండుకు నడిచే దూరంలో నాకు ఏడు వందలకు శుభ్రమైన గది దొరికింది, వేడినీళ్ళు మాత్రం బకెట్టుతో అడిగి తెచ్చుకోవాలి. ఉదయం ఆరున్నరకు రోలుగుంట వైపు ఆటో ఎక్కాను. భవాని వాళ్ళ ఊరు రోలుగుంట దాటాక కొంచెం లోపలికి ఉంటుంది. నలభై రూపాయలు, ముప్పావుగంట, దారి పొడవునా చెరకు, జీడిమామిడి తోటలు. సెంటర్లో నాలుగు ఇడ్లీలు ఇరవై రూపాయలకు పెట్టారు, చట్నీ ఎన్నిసార్లు అడిగినా విసుక్కోలేదు. ఆడవాళ్ళకు టికెట్ లేని బస్సు వచ్చిందని మనమంతా సంబరపడ్డాం కదా. ఈ ఊరికి పొద్దుటి బస్సు పది గంటలకు వస్తుంది. కాలేజీ తొమ్మిదిన్నరకు. ఆ ఉచితం ఎవరికి అక్కరకొస్తుందో మీరే చెప్పండి.

ఏడున్నరకు భవాని వచ్చింది. భుజాన బ్యాగు, చేతిలో ల్యాబ్ రికార్డు. వెనకాలే వాళ్ళమ్మ వరహాలమ్మ, క్యారేజీ సంచితో. ఆవిడ నర్సీపట్నం శివారులో జీడిపిక్కల షెడ్డులో పనిచేస్తుంది, జీడి అంటి వేళ్ళ కొసలు నల్లబడి ఉన్నాయి. స్టాండులో గోవిందు అనే డ్రైవరు ఆటో ఖాళీగా ఉంది. ఎక్కండమ్మా అన్నాను వరహాలమ్మతో. ఆవిడ విననట్టు హోటల్ గోడ వైపు జరిగి నిలబడింది. భవాని నా మొహం చూస్తూ ఉంది. అప్పుడు అర్థమైంది. ఇక్కడ ప్రతి ట్రిప్పుకూ మొదట ఎక్కేవాళ్ళది బోణీ. భర్త పోయిన ఆడమనిషి బోణీ చేస్తే ఆటోకు మంచిది కాదట.

నాకు ఒళ్ళు మండింది. నేరుగా గోవిందు మీదికి వెళ్ళాను.

"ఏమయ్యా, ఆవిడ డబ్బులివ్వదా? ఎందుకు ఎక్కించుకోవు?"

"నానేటన్నానండి బాబూ. ఎక్కొద్దన్నానా?"

"నీ చూపే చెబుతోంది."

"నా సూపుకేటయిందండి. రాత్రి కరెంటు లేదు, నిద్దర్లేదు. అంతే."

నేను రాజ్యాంగం దాకా వెళ్ళాను. గోవిందు తాళం తీసి జేబులో పెట్టుకున్నాడు. "మాట్లాడీడం అయ్యేక సెప్పండి, ఎల్దాం."

భవాని నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. "సార్, తొమ్మిదిన్నరకి నాకు ప్రాక్టికల్. తలుపేసేస్తే ఇంక ఎవర్నీ రానివ్వరు. మావయ్యని తిట్టడం దార్లో పెట్టుకోండి." గోవిందు వాళ్ళ నాన్న స్నేహితుడని, ఇన్నేళ్ళలో ఒక్కరోజు కూడా వాళ్ళను వదిలి వెళ్ళలేదని అప్పుడు చెప్పింది.

అంతలో అరటికాయల బుట్టతో ఒక పెద్దాయన వచ్చి ఎక్కాడు. ఆయన వెనకాల వరహాలమ్మ ఎక్కింది. ఆటో కదిలాక ఆ పెద్దాయనే నాకు బోధ చేశాడు.

"అయ్యా, ఆవిడకి తెలుసు కాబట్టే ఆగుతాది. ఈళ్ళాయన అప్పలనాయుడు కూడా ఈ స్టాండు డ్రైవరే. మొగుడు పోయిన మంగమ్మని రోజూ ముందెక్కించీవోడు. ఒద్దురా అంటే ఇనీవోడు కాదు. ఏటయింది? నాలుగేళ్ళ కిందట రోడ్డు మీద పోయేడు."

నేను వరహాలమ్మ వైపు చూశాను. ఆవిడ కాదంటుందనుకున్నాను. "మంగమ్మొదిన్ని నానేటీ అనను బాబూ," అంది. "ఆయనకే సెప్పేను, ఇన్లేదు. నా వొల్ల ఇంకోడి ఇంట్లో అలగవ్వకూడదు."

అంటే గోవిందు ఆపలేదు. ఆవిడే ఆగుతోంది. నర్సీపట్నం వచ్చేదాకా నేను ఆపకుండా వాదించాను. వరహాలమ్మ తోటలు చూస్తూ కూర్చుంది. షెడ్డు దగ్గర దిగి, కూతురికి "బేగి తిను మద్దేనం" అని చెప్పి వెళ్ళిపోయింది. నా వాదనలో తప్పేమీ లేదు. ఆవిడ చెవిన మాత్రం ఒక్క ముక్క పడలేదు.

భవాని తొమ్మిదింబావుకు ల్యాబు చేరింది. ఈ లోపు కృష్ణదేవిపేట వెళ్ళి అల్లూరి స్మారకం చూసి వద్దామనుకున్నాను. భోజనాల వేళకు తిరిగి రాలేరన్నారు స్టాండులో. మీరు వెళ్ళేటట్టయితే దానికి సగం రోజు పక్కన పెట్టుకోండి. ఒంటిగంటకు కాలేజీ దగ్గర ఒక మెస్సులో కూర్చున్నాం, మీల్సు తొంభై.

వంటావిడ భవాని క్యారేజీ చూసి "నీకేటి పెట్టమంటావమ్మా?" అంది.

"పెరుగు చాలండి."

"ఇంటికాడి కూడు తెచ్చుకుని నా బల్లమీద తినీవోళ్ళలో పెరుగు కొన్నది నువ్వే. కూకో."

వంకాయ కూర కలుపుకుంటూ భవాని వాళ్ళ నాన్న గురించి చెప్పింది. టెన్త్‌లో ఆమె లెక్కల ఫార్ములాలన్నీ ఆయన ఆటో టాపుకు లోపలివైపు అంటించాడట. ఎక్కినవాళ్ళను అడిగేవాడట. కూరగాయలమ్మే మంగమ్మకు ఆర్నెల్లలో పైథాగరస్ సిద్ధాంతం వచ్చేసిందట. ఆ మంగమ్మ ఒకసారి వానలో బుట్టతో నిలబడి, బోణీ భయంతో వరసగా మూడు ఆటోలు వదిలేయడం ఆయన చూశాడు. మర్నాటి నుంచి ఆవిడదే మొదటి సీటు.

"మీ నాన్న ఏమని నచ్చజెప్పేవారు?"

"ఏమీ చెప్పడు సార్. బుట్ట ఎత్తి లోపల పెట్టేసేవాడు. బుట్ట వెళ్ళిపోతుంటే మనిషి బయటుంటుందా?"

తర్వాత ఆమె తినడం ఆపింది. "నాన్న పోయిన రోజు మంగమ్మ పెద్దమ్మ ఊళ్ళో లేదు సార్. రావికమతంలో కూతురింటికి వెళ్ళింది. పొద్దున్న ఐదున్నరకి నాకు ట్యూషన్. రోజూలాగే ముందు పెద్దమ్మే ఎక్కిందనుకున్నారంతా, అమ్మ కూడా. కానీ బోణీ నేనే. నన్ను దింపి వెనక్కొస్తుంటే మంచు. చెరకు ట్రాలీ రోడ్డు మీదే ఆపి వదిలేశారు. వెనక ఒక్క ఎర్ర లైటు లేదు. ఊళ్ళోనే లేనని పెద్దమ్మ ఎంత చెప్పుకున్నా తప్పించుకోడానికి అంటోందన్నారు. ఆవిడ ఊరొదిలి కూతురి దగ్గరికే వెళ్ళిపోయింది. నేను ఒక్క మాట చెప్పుంటే ఆగేది."

"ఎందుకు చెప్పలేదు?"

"ఆవిడ మీద వేసింది నా మీద వేస్తారని. ఊరు కాదు సార్. అమ్మ."

నేను నోరు తెరిచాను. "మీరు చెప్పొద్దు సార్," అంది. "ఈ రోజు నేనే చెప్తాను. బయటి మనిషి ఒకరుంటే మావాళ్ళు కేకలేసి నా నోరు మూయించరు. అందుకే రమ్మన్నాను."

సాయంత్రం ఐదుంబావుకు నర్సీపట్నం స్టాండులో గోవిందు వంతు వచ్చింది. ఖాళీ ఆటో. పొద్దుటి పెద్దాయన ఖాళీ బుట్టతో టీ తాగుతున్నాడు. వరహాలమ్మ అలవాటుగా దూరంగా నిలబడింది. భవాని ఆటో ముందుకు వెళ్ళింది.

"మావయ్యా, నాన్న పోయిన రోజు బోణీ ఎవరిది?"

"ఆ మాటిప్పుడెందుకే గుంటా."

"చెప్పు."

"మంగమ్మది."

"పెద్దమ్మ ఆ రోజు రావికమతంలో ఉంది. బోణీ నాది. చీకట్లో నన్నొక్కదాన్నే ఎక్కించుకుని తీసుకొచ్చాడు. ఇప్పుడు చెప్పు, మా నాన్న నా వల్ల పోయాడా?"

గోవిందు పెద్దాయన వైపు చూశాడు. పెద్దాయన గ్లాసులోకి చూసుకున్నాడు. నాలుగేళ్ళుగా అందరి నోళ్ళలో నలిగిన మాటను ఆ అమ్మాయి మొహం మీద అనడానికి ఒక్కరికీ నోరు రాలేదు. "అలగనకే," అన్నాడు గోవిందు చివరికి.

వరహాలమ్మ దగ్గరికి వచ్చింది. "నాలుగేళ్ళు నా పక్కలో పడుకుని సెప్పలేదేటే."

"నన్ను కూడా అలాగే చూస్తావేమోనని."

ఆవిడ కూతురి మొహంలోకి చూసింది. "లైటు లేని ట్రాలీ," అంది, ఎవరితోనో తేల్చి చెబుతున్నట్టు. తర్వాత చీర కుచ్చెళ్ళు కొంచెం ఎత్తి పట్టుకుని, ఖాళీ ఆటోలో ఎక్కి మధ్యలో కూర్చుంది. "మంగమ్మొదిన నెంబరుందేటి నీ దగ్గర?"

భవాని ఫోన్ కలిపి ఇచ్చింది. గోవిందు బండి తీయకుండా ఆగాడు. "ఒదినా, నానే, వరహాల్ని," అని మొదలుపెట్టి ఆవిడ ఆగిపోయింది. అవతల ఏమన్నారో మాకు వినపడలేదు. "లేదొదినా, నువ్వు కాదు. తప్పు మాది," అంది వరహాలమ్మ. "ఎప్పుడొస్తావు?"

చదువు వస్తే చెత్త కొట్టుకుపోతుందన్న నా మాటను వెనక్కి తీసుకుంటున్నాను. భవానికి చదువు ఉంది, నిజం కూడా తెలుసు. అయినా తల్లి చూపు మారుతుందన్న భయం ఆమె నోరు నాలుగేళ్ళు నొక్కింది. ఈ చెత్త బతికేది తెలివితక్కువతనం మీద కాదు, మనం ప్రేమించేవాళ్ళ దగ్గర మనకుండే భయం మీద. అలాగని నా కోపం తగ్గిందనుకోకండి, గురి మారిందంతే. ఎర్ర లైటు లేని ట్రాలీని రోడ్డు మీద వదిలి పోయినవాడి గురించి ఆ ఊళ్ళో ఎవరూ మాట్లాడలేదు, కూరగాయలమ్ముకునే మనిషిని మాత్రం ఊరు దాటించారు. ఒక ఆడదాని మీద తోసేస్తే ఇంకెవరినీ నిలదీయక్కర్లేదు. ఆ సుఖం కోసమే వీటిని బతికించుకుంటున్నాం.

ఈ దారిన వెళ్ళేవాళ్ళకు ఒక సూచన. తొమ్మిదిన్నరకు నర్సీపట్నంలో ఉండాలంటే ఏడున్నరకల్లా స్టాండులో ఉండండి. ఖాళీ ఆటో ముందు ఎవరైనా ఎక్కకుండా ఆగి కనిపిస్తే మీరు ముందు ఎక్కకండి, ఉపన్యాసమూ ఇవ్వకండి. ఆవిడ సంచి అందుకుని లోపల పెట్టండి.