కందిచేనుకు నీళ్లు పారిన రోజు

ఆకాశంలో మబ్బు తునక కూడా లేని రోజున, చుక్క వాన పడకుండా, ఒక మేడను నీళ్లలో ముంచిన మనిషిని చూడాలని ఉంటే కొత్తచెరువుకు రండి. బస్సు దిగి ఎవరినడిగినా మా ఇల్లు చూపిస్తారు. నాకు సంతకం వరకే చదువు. నేను చెప్పుకుంటూ పోతాను, రాసేవాళ్లకు చెయ్యి నొప్పెడితే నాది పూచీ కాదు.

మా అమ్మాయి భారతి బెంగళూరులో ఒక హోటల్లో గదులు సర్దే పని చేస్తుంది. వాళ్ల నాయన పోయాక ఇంటిని నిలబెట్టింది ఆ పిల్లే. అక్కడ పనిచేసేవాళ్ల ఇంటి మనిషిని ఒకసారి డబ్బు తీసుకోకుండా గదిలో ఉండనిస్తారట. "రా మా, నేను పరిచే పరుపు మీద నువ్వొకతూరి పండుకోవాల" అని పిలిచింది. ఆ వారమే దాన్ని సూపర్వైజరును చేస్తారని మాట నడుస్తోంది. అంటే చీపురు పక్కన పెట్టి, నలుగురికి పని చెప్పే ఉద్యోగం. అందుకే దారి పొడుగునా నాకు ఒకటే జాగ్రత్తలు చెప్పింది.

"ఏదన్నా తెలీకుంటే నన్నడుగు మా. నీ అంతట నువ్వు చేయొద్దు."

"నాకు తెలీనిది ఏముంటాది లే" అన్నాను. ఆ మాట అన్నప్పుడే నన్ను తిరుగు బస్సు ఎక్కించి ఉంటే ఎంత బాగుండేది!

హోటలంటే అద్దాలు, పాలరాళ్లు ఉంటాయనుకున్నాను. తీరా చూస్తే మా పెద్దమ్మ ఇల్లు. ఇటుక గోడలకు ఎర్రమట్టి పూశారు. చేటలు, జల్లెడలు గోడకు మేకులు కొట్టి బిగించారు. చెరిగేదీ లేదు, జల్లించేదీ లేదు, ఊరికే చూసుకోవడానికట! బండిచక్రం మీద గాజు పలక వేసి కాఫీ తాగుతున్నారు. మా మట్టి గోడ తీసి ఇటుక గోడ పెట్టడానికి నా మొగుడు బతికినన్నాళ్లూ అగచాట్లు పడ్డాడు. వీళ్లేమో ఇటుకను మట్టితో దాచిపెట్టుకున్నారు. పాపం, ఆయన ఉండి ఉంటే గోడకు గోడ మార్చుకుందాం రమ్మని బేరం పెట్టేవాడు.

గదులకు నంబర్లు లేవు, పేర్లు. ఒకటి గొర్రెల దొడ్డి, ఒకటి శనక్కాయల కళ్లం. నాకిచ్చిన గది పేరు కందిచేను. మంచానికి కాళ్లు లేవు, గొలుసులతో పైకప్పుకు వేలాడుతోంది. ఎక్కి కూర్చుంటే, రంగులరాట్నం ఎక్కిన మేకలాగా అరిచాను. భారతి పగలబడి నవ్వింది. నా వీపు వెనక దిండు సర్ది, చేతులు కట్టుకుని నిలబడింది.

"మేడమ్‌కు ఇంకేమన్నా కావాల్నా?"

"ముందు ఈ ఉయ్యాల ఆపే అమ్మీ, కడుపులో తిప్పుతాండాది."

"దీనికే జనం యాడాడనుంచో వస్తాండారు మేడమ్" అని నా బుగ్గ గిల్లి పనికి పోయింది. ఆ హోటల్లో నేను అనుభవించిన సుఖం అంతే. మిగిలిందంతా నీళ్లు.

భోజనానికి ముందు కాళ్లూ చేతులూ కడుక్కుందామని స్నానాల గదిలోకి పోయాను. అక్కడ ఒక రాతి తొట్టి, దాని మీద మా వీధి బోరింగుకు పుట్టిన పిల్లలాగా చిన్న ఇత్తడి బోరింగు. పిడి పైకెత్తితే నీళ్లు రావాలి. ఎత్తాను. గుర్రుమని గాలి వచ్చింది. పైన ట్యాంకు కడుగుతున్నారని, కాసేపు నీళ్లు రావని తలుపు మీద కాగితం అంటించారట. అది ఇంగ్లీషులో ఉంది. తెలుగులో ఉన్నా నాకు ఒకటే అనుకోండి.

మా ఊళ్లో నీళ్లు రాని కొళాయిని కట్టేసేవాళ్లను పిచ్చివాళ్లంటారు. ఎప్పుడొస్తాయో ఎవరికి తెలుసు? తెరిచి పెట్టి, కింద బిందె పెట్టి, ఒక చెవి అటు వేసి మన పని మనం చూసుకోవాలి. గుర్రుమందంటే నీళ్లు దారిలో ఉన్నట్టే. అందుకని పిడి ఎత్తిపెట్టే ఉంచాను. చూస్తే తొట్టి అడుగున చిల్లు! వచ్చిన నీళ్లన్నీ పోవూ? పక్కనే ఉన్న మూత తీసి బిగించాను. నేల మీద నీళ్లు పోయే కంత ఒకటి నోరు తెరుచుకుని ఉంది. తేళ్లు ఎక్కి రాకుండా మా ఇంట్లో దాంట్లో పాత గుడ్డ కుక్కుతాం. ఇక్కడ పాత గుడ్డ దొరకలేదు. వెన్నముద్దలాంటి తెల్లని తువ్వాలు కనబడితే అది కుక్కాను. బెంగళూరు తేళ్లకు దారి మూసేశానని మురిసిపోతూ కిందికి దిగాను.

భోజనాల గది సరిగ్గా నా గది కిందే. రాగిసంగటి తెచ్చి పెట్టారు. గోలీకాయంత ముద్ద, దాని నెత్తిన ఒక పువ్వు. తినాలా, దండం పెట్టుకోవాలా అని చూస్తుంటే పైనుంచి ముద్ద మీద ఒక చుక్క పడింది. వెనకే ఇంకొకటి. మంచాన్ని పైకప్పుకు వేలాడదీసినవాళ్లు చారు కూడా పైనుంచే పోస్తారేమో అనుకున్నాను.

"చారు చాలప్పా, ఇంక పులుసు పొయ్యండి" అని పైకి చూసి చెప్పాను.

పులుసు రాలేదు, ధార కట్టింది. పక్క బల్లవాళ్లు ప్లేట్లు నెత్తిన పెట్టుకుని లేచారు. మెట్ల మీదినుంచి మేనేజరు ఒకటే కేక: "కందిచేను నిండా నీళ్లు! కందిచేను నిండా నీళ్లు!"

దేవుడి తోడు, ఇన్నేళ్లలో అంత తీయని మాట నా చెవిన పడలేదు. కంది మొలకలు మాడిపోతుంటే మబ్బుకేసి చూసి చూసి మెడ పట్టేసిన మనిషిని నేను. ఒళ్లు మరిచి రెండు చేతులూ ఎత్తాను.

"ఎవురి చేనప్పా? ఎవురిదప్పా ఆ అదృష్టం?"

"మీదేనమ్మా!" అన్నాడు మేనేజరు.

ఎత్తిన చేతులు ఎలా దించాలో తెలియలేదు.

హోటలు యజమానురాలు వచ్చింది. పొట్టి జుట్టు, పెద్ద కళ్లద్దాలు. పైకి పోయి చూసి, దిగి, నేరుగా నా దగ్గరికే వచ్చింది.

"భారతి వాళ్ల అమ్మ మీరేనా?"

అంతసేపూ నిద్రపోయిన నా తెలివి సరిగ్గా అప్పుడే లేచింది. ఔనంటే బిడ్డ ఉద్యోగం పోతుంది. కాదంటే నన్నొకదాన్నే బయటికి గెంటుతారు, అంతే కదా!

"ఏ భారతి?" అన్నాను.

"ఇక్కడ పనిచేసే అమ్మాయి."

"నాకు తెలీదమ్మా. నాకసలు బిడ్డలే లేరు. సత్రం అనుకోని వచ్చినాను."

ఆమె కళ్లద్దాలు తీసి నన్ను చూసింది. "ఆ అమ్మాయి పైన మోకాళ్ల మీద కూర్చుని నీళ్లు తోడుతోంది. 'మా అమ్మే మేడమ్, కొళాయి సంగతి నేనే చెప్పి ఉండాల్సింది, తప్పు నాది' అంది. మీరేమో బిడ్డలే లేరంటున్నారు."

ఆమె వెనక మెట్ల మీద, బకెట్టు పట్టుకుని, మోకాళ్ల దాకా తడిసిపోయి భారతి నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో! బకెట్టు మాత్రం దించలేదు.

ఉద్యోగం పోలేదు. సూపర్వైజరు పని వేరే పిల్లకు పోయింది. యజమానురాలు నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది, కొంచెం బరువు దిగేది.

బస్సు ఎక్కించడానికి వచ్చిన భారతితో, "నీ మంచికే అంటినే అమ్మీ" అన్నాను.

"తెలుసు మా. నీళ్లు తుడిస్తే పోయినాయి. ఆ పని ఈ తూరి కాకుంటే ఇంకోతూరి వస్తాది. నాకు బిడ్డలే లేరంటివే, దాన్ని ఎట్ల తుడిచేది?"

సంచి ఎత్తుకుని బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను.

బస్సు కదిలింది. కిటికీలోంచి భారతి కనబడకుండా పోయాక, నెత్తిన చెయ్యి పెట్టుకుని గట్టిగా ఒట్టు వేసుకున్నాను. భూమి తోడు, ఆకాశం తోడు, కంతలో కుక్కిన ఆ తెల్ల తువ్వాలు తోడు, ఇక మీద ఎవరడిగినా, అడగకపోయినా, నాకు బిడ్డ ఉందనే చెబుతాను.

కండక్టరు వచ్చాడు. "యాడికి మా?"

"నాకు బిడ్డ ఉండాది నాయనా. పేరు భారతి."

అతను నా పక్కన చూశాడు, వంగి సీటు కింద చూశాడు. "ఆ బిడ్డకు హాఫ్ టికెట్టా, ఫుల్ టికెట్టా?"

ఒట్టు ఒట్టే కదా. "ఫుల్లే ఇయ్యి నాయనా" అన్నాను.

కొత్తచెరువు దాకా ఆ సీట్లో ఎవరినీ కూర్చోనీయలేదు.